బండ పందెంలో లాభం

నంద్యాలలో మా అంగట్లో ఏ సరుకు కొలిచినా మొదటి కొలతను ‘ఒకటి’ అనం. ‘లాభం’ అంటాం. లాభం, రెండు, మూడు, నాలుగు. మా తాత శేరుతో బియ్యం కొలిచినప్పుడు అలాగే అన్నాడు. మా నాయన బెల్లం దిమ్మలు ఎంచినప్పుడూ అలాగే అన్నాడు. ఇప్పుడు కాటా మీద ఎర్రటి అంకెలు వాటంతట అవే వెలుగుతున్నా, మొదటి సంచి పెట్టగానే ఆయన నోట వచ్చే మాట అదే. నాకూ పాలతో పాటు పట్టించారు ఆ మాటను. దాని మూలంగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల రెండేళ్ళు నవ్వులపాలయ్యాను. నవ్విన వాళ్ళ తెలివి ఎంతటిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. మా బజారులో నన్నెవరూ నమ్మరు. నమ్మకపోవడానికి తగినంత కారణం నేనే ఇచ్చాను. గోస్పాడు పక్కన ఒక ఎద్దు బండ లాగుతూ లాగుతూ, పందెం అయిపోయిన సంగతి గమనించక పాణ్యం దాకా పోయిందనీ, దారిలో రైల్వే గేటు వేసి ఉంటే మర్యాదగా ఆగిందనీ, గేటు ఎత్తాక మళ్ళీ లాగిందనీ ఒక రోజు అంగట్లో చెప్పాను. ఎవరైనా నవ్వుతారనుకున్నాను. చింతపండు కోసం వచ్చిన ఒకాయన మీసం తుడుచుకుని, “ఆ పొద్దు గేటు కాడ నేనూ ఉన్న్యా” అన్నాడు. అలాంటి ఊరు మాది. ఇక్కడ అబద్ధం చెప్పేవాడికి పోటీ ఎక్కువ.

నా కోరిక మాత్రం అబద్ధం కాదు. ఎద్దుల బండలాగుడు పందేల్లో మైకు పట్టుకోవాలి. అంతే. ఎద్దులు కొనాలని లేదు, కప్పు గెలవాలని లేదు. ఒక తిరునాళలో మొదటి జత కాడి కట్టినప్పటి నుంచి చివరి జత కాడి దించేదాకా ఆ మైకులో నా గొంతు వినబడాలి.

ఇరవై రెండేళ్ళప్పుడు అంగడి పని మీద పాణ్యం పోయాను. ఊరి బయట పందెం జరుగుతోంది. పొడవాటి బరి, అటు చివర ఒక సున్నపు గీత, ఇటు చివర ఒకటి. మధ్యలో గొలుసు కట్టిన పెద్ద నల్లబండ. ఒక్కో జతకు ఇన్ని నిమిషాలని ఇస్తారు. ఆ గీత నుంచి ఈ గీతకు లాగితే ఒక రౌండు. మళ్ళీ తిప్పి లాగాలి. టైము అయిపోయేలోపు ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ రోజు నాకు కనబడింది మనుషుల వీపులు మాత్రమే. నేను పొట్టివాణ్ణి. వీపుల అవతల నుంచి మైకులో ఒక గొంతు వచ్చింది. కుడి ఎద్దు తల వంచింది, ఎడమది చెవి వెనక్కి వేసింది, బండ కదిలింది, మట్టి లేచింది అని ఆ గొంతు చెబుతుంటే, ఆ వీపుల గుండా నాకు ఎద్దులు కనబడ్డాయి. ముందు వరుసలో నిలబడ్డ వాళ్ళకు కూడా అంత బాగా కనబడి ఉండవు. వాళ్ళు ఫోటోలకు మీసాలు దువ్వుకుంటున్నారు.

ఆ గొంతు ఒక బడి పంతులుది. అందరూ ఆయన్ని సారు అంటారు. చుట్టుపక్కల ఏ తిరునాళ అయినా మైకు ఆయనదే. ఆ రోజు నుంచి ఆయన ఎక్కడ చెబితే అక్కడికి పోవడం మొదలుపెట్టాను. గొంతుకు వేసుకునే బిళ్ళలు మా అంగటి నుంచి పొట్లం కట్టుకుని పోయి స్టేజీ కింద నిలబడేవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. పెళ్ళయింది, పిల్లలయ్యారు, జుట్టు పలచబడింది. బిళ్ళల పొట్లం మాత్రం ఆపలేదు. “నాకూ ఒక జత చెప్పనీండి సార్” అని అడిగినప్పుడల్లా ఆయన బిళ్ళ బుగ్గన పెట్టుకుని, కమిటీ వాళ్ళు ఒప్పుకోరప్పా అనేవాడు.

కమిటీ అంటే ఆళ్లగడ్డ పక్క ఊరి పెద్దరైతు. మిగతావాళ్ళు ఆయన తల ఊపినప్పుడు ఊపడానికి కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. మనిషి విలువను ఆయన ఒకే ప్రశ్నతో తేల్చేస్తాడు. “మీ నాయనకు ఎన్ని కాండ్ల ఎద్దులుండె?” మా నాయనకు ఒక్క జతా లేదు, ఉన్నవి రెండు తక్కెడలు. కాబట్టి నేను మనిషినే కాదు. ఇంతకీ ఆ మహానుభావుడు తన జన్మలో మడక పట్టి ఎరగడు. పొలం దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను. పందెపు ఎద్దులు రెండూ వేరే జిల్లా నుంచి లారీలో వచ్చినవి. వాటికి బాదంపప్పు, కోడిగుడ్లు, నెత్తిన ఫ్యాను. వాటిని మేపేవాడు, కడిగేవాడు, తోలేవాడు జీతగాళ్ళు. ఈయన చేసే పనల్లా పందెం ముందు వాటి మూపు మీద చెయ్యేసి ఫోటో దిగడం. బాదంపప్పు మా అంగటి నుంచే పోతుంది గనక ఆ ఎద్దులతో నా సంబంధం కూడా ఆయన సంబంధానికి తీసిపోదు.

మూడేళ్ళ కిందట ఆయన ఊరి తిరునాళలోనే నాకు అవకాశం దొరికింది. ఎండ, దుమ్ము, వరసగా ఆరు జతలకు చెప్పేసరికి సారు గొంతు పట్టేసింది. నీళ్ళు తాగాడు, బిళ్ళ వేసుకున్నాడు, దగ్గాడు. ఏడో జత బరిలోకి వస్తోంది. సారు అటూ ఇటూ చూసి మైకు నా చేతిలో పెట్టాడు.

ఆ జత బండ దగ్గరికి నడిచి వచ్చేంత సేపూ నేను చెప్పాను. ఎడమవైపు ఎద్దు తాత శ్రీశైలం ఘాటు మలుపులో ఆగిపోయిన లారీని కొమ్ముతో నెట్టి పైకెక్కించాడనీ, ఆ లారీ డ్రైవరు ఇప్పటికీ ఏటా ఆ ఎద్దుకు టెంకాయ కొడతాడనీ చెప్పాను. జనం చప్పుడు లేకుండా విన్నారు. ఎద్దు యజమానికే ఆ సంగతి కొత్త, అయినా ఛాతీ పొంగించాడు. బండ కదిలింది. నేనూ కదిలాను. గీత దాటింది. సారు నా ముఖం ముందు ఒక వేలు ఎత్తి చూపించాడు, మొదటి రౌండు అని. ఆ వేలు చూసి నా నోరు చేయాల్సిన పని తానే చేసేసింది.

“లాభం!”

ఆరు స్పీకర్లలో మోగింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరువాత మైదానం మొత్తం నవ్వింది. ఆ నవ్వుకు ఎద్దులు బెదిరి మలుపులో నిలబడిపోయాయి. వాటిని మళ్ళీ కదిలించేసరికి జతకు టైము చాలా పోయింది. ఇందాక ఛాతీ పొంగించిన యజమాని ఇప్పుడు నా మీదికి ముల్లుకర్ర ఎత్తాడు. పెద్దరైతు స్టేజీ ఎక్కి, నా చేతిలోంచి మైకు లాక్కుని, దాంట్లోనే అన్నాడు.

“శెట్టీ, ఈడ పప్పులూ ఉప్పులూ తూకం ఏస్తాండ్లేదు. పోయి అంగట్లో కూసోపో.”

నేను లాభం అన్నప్పటి నుంచి స్టేజీ దిగేదాకా పదిమంది ఫోన్లు ఎత్తి తీశారు. నేను నంద్యాల బస్సు దిగేలోపు ఆ వీడియో నాకంటే ముందు దిగింది.

మరుసటి రోజు నుంచి అంగటికి బేరం పెరిగింది. ఎవరొచ్చినా “శెట్టీ, లాభం కిలో కందిపప్పు ఇయ్యప్పా” అనడం, పక్కవాణ్ణి చూసి కన్ను కొట్టడం. ఇదే హాస్యాన్ని నెల రోజులు చేశారు. నేను ఒక అబద్ధాన్ని రెండోసారి చెప్పాల్సి వస్తే కనీసం ఎద్దు రంగయినా మారుస్తాను. వీళ్ళకు పప్పు మార్చాలని కూడా తోచలేదు. మా ఇంటావిడ ఒకే మాట అంది, “ఇంట్లో చెప్పే కతలు చాల్లేదా, మైకు గూడా గావాల్నా?” దాంట్లో న్యాయం ఉంది.

వారంలోపల మా సంఘం పెద్దలు ముగ్గురు ఇంటికి వచ్చారు. తలా రెండు లోటాల కాఫీ తాగారు. మన కులంవాళ్ళు ఎద్దుల పేడలో నిలబడి అరవడం ఏమిటని ఒకాయన, పెళ్ళికెదిగిన పిల్లలున్న ఇల్లు గదా అని ఇంకొకాయన, గౌరవం గురించి మూడో ఆయన మాట్లాడారు. ఈ మూడో ఆయన సంఘం సభల్లో మైకు పట్టుకుంటే విరాళాలిచ్చిన వాళ్ళ పేర్లు తాతముత్తాతలతో సహా గంటసేపు చదువుతాడు. ఒకసారి సంఘం చేయించిన పెళ్ళిలో ఆయన చదువు పూర్తయ్యేసరికి పీటల మీద పెళ్ళికొడుకు కునికాడు. ఆయనకు నా గొంతు వల్ల గౌరవం పోయిందట. చివరకు శిక్ష వేశారు. దసరా పూజల్లో చక్కెర పొంగలి పంచే బాధ్యత నుంచి నన్ను తప్పించారు. ఇరవై ఏళ్ళుగా ఆ గంటె ఎవరైనా లాక్కుంటారా అని ఎదురుచూస్తున్నాను. దిగులు ముఖం పెట్టి ఒప్పుకున్నాను.

పెద్దలు పోయాక మా నాయన అడిగాడు. అప్పటిదాకా ఆయన నాతో ఆ సంగతి ఎత్తలేదు.

“ఎందుకు నగినారు?”

“లాభం అన్న్యాందుకు నాయనా.”

“అందుకేనా?”

“అందుకే.”

ఆయన కళ్ళద్దాలు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. “నువ్వు ఆడికి పోయేది నాకు ఇష్టంల్యా. అది యేరే. మా నాయన ఎంబడి బండి కట్టుకోని ఆళ్లగడ్డ పక్క కళ్ళాలన్నీ తిరిగినోణ్ణి నేను. వడ్ల రాశి కాడ ఈళ్ళ తాతలు శేరు ముంచి ఏమన్న్యారో తెల్సునా? లాభం అన్న్యారు. ఒగటి అంటే రాశి తరిగిపోతాదని నోరు మూసిందురు. మనం ఆళ్ళ కాడ్నే నేర్చుకున్న్యామో, ఆళ్ళు మన కాడ నేర్చుకున్న్యారో. ఇప్పుడు లారీని తీస్కపోయి కాటా మీద నిలబెట్టి చీటీ తెచ్చుకుంటాండారు గదా, తాతల నోట్లో మాట గూడా మర్సిపోయినారు.”

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “మల్ల పోతే గట్టిగా అను” అన్నాడు.

ఆ రోజు దాకా నవ్విన వాళ్ళంటే నాకు కోపం మాత్రమే ఉండేది. ఆ మాటతో కోపం పోయి హాయిగా చులకన వచ్చింది. పరాయివాడి మాట విని నవ్వితే ఒక రకం. సొంత తాత మాటను పరాయివాడి నోట విని, గుర్తుపట్టలేక నవ్విన జనాన్ని ఏమనాలి? ఆ వీడియోను నేనే మళ్ళీ మళ్ళీ చూశాను. ముందు వరుసలో పెద్దరైతు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన పక్క కుర్చీలో తలపాగా చుట్టుకున్న ముసలాయన ఒకడు నవ్వడం లేదు. చెవి మీద చెయ్యి పెట్టుకుని స్పీకరు వైపు చూస్తున్నాడు. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

ఆ తరువాత రెండేళ్ళూ సారు వెంట తిరిగాను. స్టేజీ మీదికి రానివ్వరు గనక కిందే నిలబడ్డాను. నన్ను చూడగానే ఎవరో ఒకరు “లాభం” అని అరిచేవాళ్ళు, నేను దండం పెట్టేవాణ్ణి. సారు బస్సులో వచ్చేటప్పుడు పని నేర్పేవాడు. ఎద్దు చెవిని చూసి మాట్లాడు, యజమాని మీసాన్ని చూసి మాట్లాడొద్దు అనేవాడు. మలుపు దగ్గర నోరు మూసుకో, ఎద్దు వింటుంది అనేవాడు. ఇంటికొచ్చి అంగట్లో బియ్యం బస్తాలు దించే హమాలీల మీద సాధన చేసేవాణ్ణి. ఒకాయన వీపున బస్తాతో మెట్టెక్కుతుంటే ఆయన తాత గొప్పతనం మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ళు మాత్రం నవ్వలేదు. నేను చెబుతుంటే బస్తా బరువు తెలియడం లేదన్నారు. అది కూడా అబద్ధమే, కానీ పనితనం ఉన్న అబద్ధం.

పోయిన ఏడాది అదే ఊరి తిరునాళ. సారుకు గొంతులో ఆపరేషను అయింది, గట్టిగా మాట్లాడకూడదన్నారు. వేరే జిల్లా నుంచి పిలిపించిన మనిషి రాలేదు. జతలు కాడి కట్టుకుని నిలబడ్డాయి, జనం ఈలలు వేస్తున్నారు. సారు ఒక కాగితం మీద నా గురించి రాసి పెద్దరైతుకు ఇచ్చాడు. ఆయన అది చదివి, చీమిడి ముక్కు పిల్లవాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు.

“శెట్టీ, గతి ల్యాక ఇస్తాండా. ఒగటి అను. ఇంగోతూరి లాభం అన్న్యావంటే ఆడ్నే మైకు గుంజుకుంటా.”

ఇరవై ఏళ్ళకు పైగా ఎదురుచూసిన మైకు. మా నాయన మాట గుర్తుంది. అయినా తల ఊపాను. పౌరుషం గురించి మాట్లాడేవాళ్ళంతా అలాంటి చోట ఒకసారి నిలబడి చూడాలి.

తొమ్మిది జతలకు ‘ఒకటి’ అన్నాను. కతలు బాగానే కుదిరాయి. ఒక ఎద్దుకు వర్షం వాసన తెలుసన్నాను, ఇంకొకటి గురువారం మేత ముట్టదన్నాను. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, మలుపుల్లో నేను నోరు మూసుకున్నాను. కానీ మొదటి గీత దాటిన ప్రతిసారీ ఆ ‘ఒకటి’ నా నోట్లో సుద్దముక్కలా నలిగింది.

పదోది పెద్దరైతు సొంత జత. గొలుసు తగిలిస్తున్నారు. అప్పుడు షామియానా కింద కుర్చీలోంచి తలపాగా ముసలాయన చేతికర్ర ఎత్తి నన్ను పిలిచాడు. ఆ వీడియోలో నవ్వనివాడు. ఆయన పెద్దరైతు తండ్రి. పందెం ఆగింది, మైకు పట్టుకునే దగ్గరికి పోయాను.

“ఏమప్పా, నువ్వే గదా ఆ పొద్దు లాభం అన్న్యావు?”

“నేనే పెద్దాయనా.”

“మల్ల ఈ పొద్దు పొద్దున కాడ్నించి ఒగటి ఒగటి అంటాండావేంది? మొదుటిదాన్ని ఒగటి అంటారా యాడన్నా? మా ఎద్దులు పోతాండాయి. సక్కగా అను.”

మైకు నేను ఆపలేదు. మరిచిపోయి ఆపలేదని అప్పుడు అందరికీ చెప్పాను. ముసలాయన మాటలు ఆరు స్పీకర్లలో ఊరంతా విన్నది. నేను నెమ్మదిగా స్టేజీ దగ్గరికి తిరిగి వచ్చి, బరిలో ఎద్దు మూపు మీద చెయ్యేసి ఫోటోకు నిలబడ్డ పెద్దరైతును మైకులోనే అడిగాను.

“అన్నా, నాయనేమో లాభం అనమంటాండాడు. నువ్వేమో లాభం అంటే మైకు గుంజుకుంటా అంటివి. ఏది అనాల్నో నువ్వే చెప్పన్నా. ఎద్దులు కాసుకోని ఉండాయి.”

పెద్దరైతు తండ్రి వైపు చూశాడు. ముసలాయన కర్ర ఇంకా దించలేదు. రెండేళ్ళ కిందట పొట్ట పట్టుకుని నవ్విన మనిషి ఇప్పుడు ఆ పొట్ట ఎక్కడ దాచుకోవాలో తెలియక ఎద్దు చాటుకు జరిగాడు. ఏదో అన్నాడు.

“ఇనపల్యాదన్నా” అన్నాను. నిజానికి వినబడింది.

“లాభం అనుప్పా” అని అరిచాడు.

బండ కదిలింది. గీత దాటింది. నేను అన్నాను. మా నాయన చెప్పినట్టు గట్టిగానే అన్నాను. ఈసారి నవ్వు రాలేదు. షామియానా కింద ఉన్న నలుగురైదుగురు ముసలివాళ్ళు మాత్రం నాతో పాటే “రెండు” అన్నారు, “మూడు” అన్నారు, కళ్ళంలో రాశి ముందు కూర్చున్నట్టు. వాళ్ళ కొడుకులూ మనవళ్ళూ ఫోన్లు ఎత్తి ఇదేదో కొత్త విద్య అన్నట్టు వీడియో తీశారు.

ఆ ఎద్దులు బాదంపప్పుకు తగినట్టు లాగలేదు. ఎనిమిది రౌండ్లు పోయి తొమ్మిదోదానిలో నూట పన్నెండు అడుగుల దగ్గర టైము అయిపోయింది. టేపు పట్టిన కమిటీ మనిషి నా చెవిలో, నూట ఇరవై అను, పెద్దరైతు సంతోషిస్తాడు అన్నాడు. నూట పన్నెండు అన్నాను. ఎద్దు తాతల్ని ఎంత పెద్దవాళ్ళనయినా చేస్తాను, కొలతలో ఒక్క అడుగు కలపను. తక్కెడ ముందు పెరిగినవాడికి అది చేతకాదు. జత నాలుగో స్థానంలో నిలిచింది. చివరి జత కాడి దించేదాకా మైకు నా చేతిలోనే ఉంది. ఎవరూ గుంజుకోలేదు.

ఇప్పుడు తిరునాళలకు పిలుపులు వస్తున్నాయి. నేను పోని చోట కూడా మొదటి రౌండును లాభం అంటున్నారట. మా సంఘం పెద్దలు కూడా వచ్చారు. ఈసారి మూడేసి లోటాల కాఫీ తాగి, దసరాకు మైకు నువ్వే పట్టుకోవాలి నాయనా, నీ గొంతు మన కులానికే గర్వం అన్నారు. నాకు చక్కెర పొంగలి గంటె అంటేనే ఇష్టమని చెప్పాను. వాళ్ళ ముఖాలు చూడటానికి ఇంకో లోటా కాఫీ పోయించాను.

పోయిన నెలలో పెద్దరైతు నంద్యాల వచ్చి బాదంపప్పు కోసం మా అంగటి ముందు కారు ఆపాడు. పక్కన ఎవరో చుట్టం. నా భుజం మీద చెయ్యేసి ఆ చుట్టంతో, ఈ శెట్టికి మొదట మైకు ఇచ్చింది నేనే, లాభం అనమని చెప్పింది కూడా నేనే, మా తాతల కాలం మాట గదా, పోనీకుండా కాపాడుకోవాల అన్నాడు. చుట్టం తల ఊపాడు. కాటా మీద మొదటి పొట్లం పెడుతూ మా నాయన “లాభం” అన్నాడు, తల ఎత్తకుండా.

నేను రెండో పొట్లం అందించాను. ముప్పై ఏళ్ళుగా అబద్ధాలు చెబుతున్నాను. రైల్వే గేటు దగ్గర ఎద్దును ఆపాను, ఘాటులో లారీని ఎక్కించాను. సాక్షి ఎదురుగా నిలబడి ఉండగా, వీడియో ప్రతి ఫోనులో ఉండగా, ఇంత నాసిరకం అబద్ధం మాత్రం నా నోట ఎప్పుడూ రాలేదు.